మార్తాకు పది రోజులు

ఆ ఏడు వానాకాలంలో మా ఇంట్లో అందరం ఒక పిల్లికి భయపడ్డాం. ఊరు ఇంకా పెద్ద వాటికి భయపడుతోంది. రజాకార్లు వస్తారని కొందరు, ఇండియా ఫౌజు వస్తుందని కొందరు, ఎవరూ రాకుండా ఉప్పూ కిరసనాయిలూ లేక ఇలాగే చస్తామేమోనని కొందరు. మా బోయిగూడ ఇంట్లో మాత్రం పొద్దున కళ్ళు తెరవగానే ముందు చూసుకునేది మార్తా ఎక్కడుందో అని.

మార్తా మా అమ్మ రోసమ్మ పెంచిన పిల్లి. బూడిద రంగు ఒళ్ళు, నల్ల చారలు. పొద్దస్తమానం వంటింట్లోనే తిరుగుతుందని, బైబిల్లో ఇంటిపనుల్లోనే మునిగిపోయే మార్తా పేరును నాలుగేళ్ళ కింద అమ్మ దానికి పెట్టింది. మా నాయన జీవరాజు చర్చిలో సంఘ పెద్ద. ఆయనకిది నచ్చలేదు. "పిల్లికి బైబిల్ పేరేందీ" అని, దాన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. అయినా ఆయన రైల్వే గూడ్స్ ఆఫీసు నుంచి రాగానే అది వెళ్ళి ఆయన బూట్ల మీదే పడుకునేది.

నేను మిషన్ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. ఆగస్టు నుంచి బడి తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. మా అక్క మేబెల్ పురిటికని డోర్నకల్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. సెప్టెంబరు తొలి వారంలో మగబిడ్డ పుట్టాడు. బావ యేసుదాసు డోర్నకల్‌లో మాస్టరు. కొడుకు పుట్టాడని మేము రాసిన ఉత్తరం ఆయనకు చేరిందో లేదో తెలియదు. రైళ్ళు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగుతున్నాయి.

విమానాలు వచ్చి వెలుతురు కనబడ్డ చోటల్లా బాంబులు వేస్తాయని నాయన ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆయన ఆగస్టు ఆఖర్లో నల్ల కాగితం తెచ్చి ముందు గది కిటికీ అద్దాలకు అంటించాడు. లోపలి వైపు ఇనుప ఊచలు అడ్డం వస్తున్నాయని బయటి నుంచే మైదా జిగురుతో అంటించాడు. గది పగలే చీకటైంది. అక్కా బిడ్డా పడుకునే గది అదే.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు మార్తా మారిపోయింది. ఊరికే కూర్చున్నది ఉన్నట్టుండి వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని బుస్సుమనేది. తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బేది. దగ్గర ఎవరి కాలుంటే ఆ కాలి మీద పడేది. పది నిమిషాల తర్వాత వంటింట్లో అమ్మ చీర కుచ్చిళ్ళకు ఒళ్ళు రాసుకుంటూ మళ్ళీ పాత మార్తానే.

"పసిబిడ్డొచ్చిండని దానికి కుళ్ళు" అంది అమ్మ.

"దానికి పిచ్చి లేసింది" అన్నాడు నాయన.

మోండా మార్కెట్ నుంచి కూరగాయల గంప తెచ్చే లచ్చమ్మ మా గడపలోనే నిలబడి, "ఎవలో ఏదో చేసిన్రు. దిష్టి దియ్యున్రి" అంది. మాలో దిష్టి తీయరని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది. ఎవరి మాట నమ్మాలో నాకు తెలియలేదు. ఒక్కో రోజు ఒక్కొక్కరిది నిజమనిపించేది.

సెప్టెంబరు ఎనిమిది, బుధవారం. అక్క కిటికీ కింద చాప మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. నేను తలుపు దగ్గర బట్టలు మడత పెడుతున్నాను. మార్తా కిటికీ గట్టెక్కి కూర్చుంది. నేను తల వంచి మళ్ళీ ఎత్తేలోపు ఒక కేక వినబడింది. అది పిల్లిదో, అక్కదో, బిడ్డదో పోల్చుకోలేకపోయాను. మార్తా అక్క ముంజేతిని నోట కరుచుకుని వేలాడుతోంది. అక్క చెయ్యి విదిలించకుండా, ఇంకో చేత్తో బిడ్డను దూరంగా పట్టుకుని, "మణీ, పిల్లగాన్ని తీసుకో" అంది. ఆ మాట చాలా మెల్లగా అంది.

బిడ్డను అందుకున్నాను. పిల్లి వదిలి మంచం కిందికి పోయింది. నాలుగు పళ్ళ గాట్లు, రెండు బాగా లోతుగా దిగాయి. నాయన దుడ్డుకర్ర తీసుకుని గదిలోకి వచ్చాడు. అమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

నాకేం తోచలేదు. బిడ్డను అమ్మ చేతిలో పెట్టి, రెండిళ్ళవతల ఉన్న సలోత్రి సాబ్ కోసం పరుగెత్తాను.

సలోత్రి అంటే గుర్రాల వైద్యుడు. దస్తగీర్ సాబ్ ముప్పై ఏళ్ళు ఫౌజు గుర్రాలకు వైద్యం చేసి పెన్షన్ పుచ్చుకున్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పదేళ్ళపాటు ఆయనా మా నాయనా సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవారు. జూన్‌లో ఆయన అన్న కొడుకు వచ్చి ఆయనింట్లో దిగాడు. ఖాకీ బట్టలేసుకుని మా గల్లీలో కవాతు చేసిన రజాకార్లలో అతనున్నాడు. ఆ రోజు నుంచి నాయన సలోత్రి సాబ్‌తో మాట మానేశాడు. కొట్లాడలేదు, ఏమీ అనలేదు. ఎదురైతే చెప్పులకేసి చూసుకుంటూ పోయేవాడు.

నేను పిలవగానే ఆయన వచ్చాడు. ముందు అక్కను బావి దగ్గర కూర్చోబెట్టి చెయ్యి సబ్బుతో కడిగించాడు. నేను చేదతో నీళ్ళు పోస్తూ పోయాను. ఇక చాలంటే, "ఇంకా పొయ్యి బిడ్డా, ఇంకా" అన్నాడు. ఆ తర్వాత నాయన చేతిలో కర్ర చూశాడు.

"చంపొద్దు జీవరాజు సాబ్. చంపితే మనకేం తెలుస్తది? పది దినాలు చూడాలె. పది దినాలు తిని, నీళ్ళు తాగి, బతికుంటే కరిచినప్పుడు దాని నోట్ల విషం లేనట్టే. సస్తే మాత్రం..." అని ఆగాడు. "పెద్దబిడ్డను ఇప్పుడే దవాఖానాకు తోల్కపోండ్రి. సూదులు ఇయ్యాలనే షురూ కావాలె."

నాయన ఆయనకేసి చూడకుండా నాతో అన్నాడు. "బండి మాట్లాడు."

దవాఖానాలో డాక్టరు గాయం చూసి తల ఊపాడు. పొట్టలో పద్నాలుగు సూదులు ఇవ్వాలి, కానీ మందు లేదు. రెండు నెలలుగా సరిహద్దు దాటి మందులు రావడం లేదు. ఉన్నది జులైలోనే అయిపోయింది. "పిల్లి ఉందా? జాగ్రత్తగా పెట్టుకోండి. పది రోజులు" అని సలోత్రి సాబ్ మాటే ఆయనా అన్నాడు. "చస్తే?" అని నాయన అడిగాడు. డాక్టరు ఇంకో రోగిని పిలిచాడు.

అట్లా, చంపాలనుకున్న పిల్లిని బతికించుకోవడం మా ఇంటి పనైంది.

ముందు గది మార్తాకు వదిలేశాం. మేమంతా నడిమింట్లోకి మారాం. లోపలికి వెళ్ళడానికి అమ్మకు కూడా ధైర్యం చాలలేదు. నాయనే వెళ్ళాడు. మోకాళ్ళదాకా గోనెపట్టాలు చుట్టుకుని, గొడుగు తెరిచి ముందు పట్టుకుని, రెండో చేత్తో ఎండుచేపల అన్నం గిన్నె, నీళ్ళ మూకుడు తోసేవాడు. బయటికొచ్చి తలుపు గడియ పెట్టాక చెమట తుడుచుకునేవాడు. తలుపు సందులోంచి నేను చూస్తూ నిలబడేదాన్ని. నా వెనక నుంచి అక్క అడిగేది. "నీళ్ళు తాగిందా?"

"తాగింది."

"నీ కండ్లతోని చూసినవా?"

అది తాగిన రోజు అక్క కూడా అన్నం తినేది. తాగనిది ఒక రోజుంది. ఆదివారం. మూకుడు పొద్దుటి నుంచి సాయంత్రందాకా నిండుగానే ఉంది. అక్క గుడికి రాలేదు. మేము తిరిగొచ్చేసరికి గ్లాసుతో నీళ్ళు ముందు పెట్టుకుని కూర్చునుంది. గుక్కెడు తాగి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని మింగుడు పడుతోందో లేదో చూసుకుంటోంది. మళ్ళీ కాసేపటికి ఇంకో గుక్కెడు. పిచ్చి కుక్క కరిచినవాళ్ళు నీళ్ళు మింగలేరని ఎవరు చెప్పారో ఆమెకు.

"అక్కా, నాలుగు దినాలకే రాదంట."

"నీకెవరు చెప్పిన్రు?"

నాకెవరూ చెప్పలేదు. ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకోబోతే ఇవ్వలేదు.

సోమవారం పొద్దున విమానాలు మా ఇంటి మీదుగా బేగంపేట వైపు పోయాయి. నాయన ఆఫీసుకు వెళ్ళినవాడు గంటలోనే తిరిగొచ్చాడు. "ఎవరియి నాయనా?" అంటే, "తెల్వదు" అన్నాడు. ఇరానీ హోటల్లో రేడియో ఒక స్టేషనులో నిజాం ఫౌజు తరిమి కొడుతోందని చెప్పింది. ముల్లు తిప్పితే ఇండియా ఫౌజు ఇన్ని మైళ్ళు వచ్చిందని చెప్పింది. అక్కడ కూర్చున్నవాళ్ళు రెండూ విని చాయ తాగారట. ఆ తర్వాత దానికి పోలీసు యాక్షన్ అని పేరొచ్చింది. అప్పుడు మాకు పేరు తెలియదు. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో, వస్తే ఎవరి ఇంటికి వస్తారో కూడా తెలియదు.

సలోత్రి సాబ్ బుధవారందాకా రోజూ వచ్చాడు. తలుపు సందులోంచి చూసి, పిల్లి కళ్ళ గురించీ నడక గురించీ నాతో చెప్పేవాడు. నాయన పక్కనే నిలబడి వినేవాడు. అడగాల్సింది నన్ను అడగమనేవాడు. "వెనక కాళ్ళు ఈడుస్తున్నదా అడుగు." "లేదని చెప్పు బిడ్డా." మూడడుగుల దూరంలో ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకునేవారు.

గురువారం నుంచి ఆయన రాలేదు.

శుక్రవారం సాయంత్రం అంతా అయిపోయిందన్నారు. శనివారం తెల్లవారేసరికి గల్లీ గల్లీ మొత్తం రోడ్డు మీదికి ఉరికింది, ఫౌజు వస్తోంది చూద్దామని. పూలదండలు, జేజేలు. లచ్చమ్మ గంప మా గడపలో వదిలేసి తనూ పోయింది. మేము ఎవరం కదల్లేదు. అది మార్తాకు పదో రోజు. ఆ పొద్దున దాని నోట్లోంచి చొంగ కారుతోంది. గడ్డమంతా తడిసి, దారం లాగా నేల మీదికి జారుతోంది.

అక్క చూసింది. ఏడవలేదు. బిడ్డను నా ఒళ్ళో పెట్టి, "పిల్లగాని పాలకు బర్రె దొరుకుతదేమో లచ్చమ్మని అడుగు" అంది.

నేను బిడ్డను అమ్మకిచ్చి సలోత్రి సాబ్ ఇంటికి వెళ్ళాను. తలుపుకు బయట తాళం ఉంది. వెనక్కి తిరగబోతుంటే పక్క కిటికీలోంచి చాలా చిన్న గొంతు వినబడింది.

"పిల్లి బతికుందా బిడ్డా?"

"బతికుంది సాబ్. నోట్లకెల్లి చొంగ కారుతుంది."

"అన్నం తింటుందా?"

"నాక్కుంటుంది. నమలదు."

"నేను రాలేనమ్మా. మా అన్న కొడుకు గురువారం పారిపోయిండు. ఆని కోసం మనుషులు రెండుసార్లు వచ్చిపోయిన్రు. నేనే తాళమేయించి లోపల కూసున్న."

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాయన విన్నాడు. లేచి ఆఫీసు కోటు తొడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, గొడుగు తీసుకున్నాడు. అప్పటికి తుంపర పడుతోంది. ఎక్కడికని అమ్మ అడగలేదు.

అరగంట తర్వాత వాళ్ళిద్దరూ గల్లీ నడి మధ్యలోంచి ఒకే గొడుగు కింద నడిచి రావడం చూశాను. మూల మీద జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు దారికడ్డం వచ్చారు. ఒకడు ఏదో అడిగాడు. నాయన నడక ఆపకుండా, "మా ఇంట్ల పిల్లికి బాగలేదు. డాక్టర్ సాబ్‌ను తీసుకపోతున్న. జెర జరుగున్రి" అన్నాడు. వాళ్ళు జరిగారు.

సలోత్రి సాబ్ గోనెపట్టాలు వద్దన్నాడు. ఒక్కడే లోపలికి వెళ్ళి గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. గంట గడిచింది. మేము తలుపు బయట ఒకరి ఊపిరి ఒకరం వింటూ నిలబడ్డాం. ఆ తర్వాత ఆయన నన్ను పిలిచాడు.

"రా బిడ్డా. చప్పుడు చెయ్యకు. కిటికీ చూడు."

మార్తా కిటికీ గట్టు మీద ఉంది. ఊచల సందుల్లోంచి అద్దంలోకి చూస్తూ మెల్లగా ఉబ్బుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. "దాన్ని కాదు, అద్దాన్ని" అన్నాడు ఆయన. చూశాను. వెనకనున్న నల్ల కాగితం వల్ల అద్దం నిలువుటద్దంలా ఉంది. అందులో ఇంకో పిల్లి ఉబ్బుతోంది. మార్తా ఊచను కరిచింది. వదిలి మళ్ళీ కరిచింది. చొంగలో ఎర్రజీర కనబడింది.

"చిగురు చీరుకపోయింది. పన్ను సుత విరిగినట్టుంది. గంతే" అన్నాడు. "పిచ్చి లేదు. దినాం ఇంకో పిల్లి ఇంట్లకొస్తుందనుకుంది. అది దొరకదు. దగ్గర దొరికినోళ్ళను పట్టుకుంది."

నాయన బయటికి వెళ్ళి వానలోనే కాగితం చింపాడు. గదిలోకి వెలుతురు వచ్చింది. మార్తా కిటికీకి ముక్కానించి, అవతల కాగితం పీలికలు పట్టుకుని నిలబడ్డ నాయనను చాలాసేపు చూసింది. అక్క తలుపు దగ్గరే కూలబడి అప్పుడు ఏడ్చింది. నాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆ కాగితం అంటించిన రోజు జిగురు గిన్నె పట్టుకున్నది నేనే.

"ఇయ్యాల ఈడనే తినున్రి సాబ్" అన్నాడు నాయన. జూన్ తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. గొడుగు కింద ఏం మాట్లాడుకున్నారో మరి, నాకు తెలియదు.

సలోత్రి సాబ్ తిన్నాడు. తర్వాత వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు. ముందు గదిలో ఆయనా మార్తా ఉన్నారు. దాని చిగురుకు ఏదో పూసేవాడు. అది బుస్సుమన్నప్పుడు ఎవరూ పట్టుకోవద్దని, కొట్టొద్దని, దాని దారి దానికి వదిలి పక్కకు తప్పుకోవాలని చెప్పాడు. అక్క రోజూ తన చేత్తో ఒక చేప ముక్క గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి రావాలన్నాడు. బిడ్డ ఉన్న గదిలోకి మాత్రం ఇంకొన్నాళ్ళు రానివ్వొద్దన్నాడు.

సోమవారం మధ్యాహ్నం నలుగురు మనుషులు వచ్చారు. భుజాల మీద మూడు రంగుల గుడ్డలు. ఒకతన్ని మోండా మార్కెట్లో చూసినట్టుంది. మిగిలినవాళ్ళు మా వైపు వాళ్ళు కారు.

"సలోత్రి ఏడి? ఇంట్ల లేడు. తాళం పలగ్గొట్టి చూసినం."

"ఆయనతోని ఏం పని?" అన్నాడు నాయన.

"ఆని పోరని జాడ చెప్పాలె. ఈ గదిల ఎవలున్నరు?"

నాయన ముందు గది తలుపుకేసి చూశాడు. ఆయన జీవితంలో ఒక చిన్న అబద్ధమైనా ఆడగా నేను వినలేదు.

"పిచ్చి లేసిన పిల్లిని పెట్టినం" అన్నాడు.

ఒకడు నవ్వాడు. అప్పుడు నడిమింట్లోంచి అక్క వచ్చింది. భుజాన బిడ్డ. ఇంకో చేతి కట్టు పళ్ళతో విప్పి, ముంజెయ్యి వాళ్ళ ముందు చాపింది. గాట్లు ఇంకా నల్లగా, చుట్టూ పచ్చగా ఉన్నాయి.

"దవాఖానాల మందు సుత లేదన్నరు" అంది. "చూస్తరా? గడియ తియ్యాల్నా?"

నవ్వినవాడు నవ్వు ఆపాడు. మార్కెట్ అతను తలుపుకు చెవి ఆనించాడు. లోపల ఏ చప్పుడూ లేదు. నాయన చేత్తో తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. లోపలి నుంచి గుర్రుమని మొదలై, చించినట్టు పెద్ద అరుపు వచ్చింది. మార్కెట్ అతను రెండడుగులు వెనక్కి వేశాడు. గడపలో పడబోయి నిలదొక్కుకున్నాడు.

"దాన్ని చంపక ఏం జేస్తున్రు?" అన్నాడు వెళ్తూ.

"మా రోసమ్మ చంపనిస్తలేదు" అన్నాడు నాయన.

ఆ అరుపు మార్తాదో సలోత్రి సాబ్‌దో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత అడిగితే ఆయన, "ముప్పై ఏండ్లు జంతువుల్లనే ఉన్న బిడ్డా" అన్నాడు.

నెలాఖరుకు గల్లీ సద్దుమణిగింది. ఆయన తన ఇంటికి కొత్త తాళం కొనుక్కుని వెళ్ళాడు. ఆ వారమే బావ డోర్నకల్ నుంచి వచ్చి కొడుకును చూసుకున్నాడు. మార్తా అక్క చేతిలోంచి చేప ముక్క తీసుకునేదాకా వచ్చింది. అక్క మాత్రం అది గదిలో ఉండగా నిద్రపోలేదు. డోర్నకల్ వెళ్ళేదాకా తలుపు గడియ పెట్టుకునే పడుకుంది.

అక్టోబరు మొదటి ఆదివారం గుడిలో బల్ల ఆరాధన, అందరూ ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. సంఘ పెద్దగా నాయన ప్రతిసారీ రొట్టె పళ్ళెం పట్టుకుని పాస్టరు అయ్యగారి పక్కన నిలబడేవాడు. ఆ రోజు చివరి బెంచీలో కూర్చున్నాడు. అందరూ వరుసగా ముందుకు వెళ్తుంటే మోకాళ్ళు జరిపి దారిచ్చాడు. తను లేవలేదు.

ఇంటికి వచ్చే దారిలో అడిగాను.

"అబద్ధమాడిన గద. ఒప్పుకున్నంకనే తీసుకోవాలె" అన్నాడు.

"ఒప్పుకోరాదు నాయనా?"

"ఒప్పుకుందామనే మోకరించిన. 'తప్పు చేసిన ప్రభువా' అనబోతే నోరు లేస్తలేదు. తప్పని ఎరుకే. కాని ఆళ్ళు రేపొచ్చినా గట్లనే చెప్త. గిదేం పశ్చాత్తాపం, బిడ్డా? నాకే సమజైతలేదు."

క్రిస్మస్‌దాకా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నవంబరులో అయ్యగారు ఇంటికొచ్చి, ఏమైంది జీవరాజు గారూ అని అడిగారు. ఒంట్లో బాగుండటం లేదన్నాడు నాయన. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయాక, ఆ రెండో అబద్ధానికి మాత్రం అరుగు మీద కూర్చుని చాలాసేపు బాధపడ్డాడు.